గంజి వీధి పదకొండు వరుసలు

నాకు ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

కంప్యూటర్ తెర మీద ఎక్కడ చూసినా గళ్ల గుర్తు, దాని పక్కన రెఫ్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు, చివర ఒక ఆశ్చర్యార్థకం. పైనుంచి కిందిదాకా అదే. శనివారం మధ్యాహ్నంలోగా నూలు పట్టిక జిల్లా డిపోకి చేరాలి. అప్పటికి గురువారం పొద్దున పదకొండయింది. ఎదురుగా బెంచీ మీద సుభద్రమ్మ కూర్చుని, తన పని ఎప్పుడవుతుందా అని నా వేళ్లకేసి చూస్తోంది.

ఇది ఇరవై ఏళ్ల పైమాట. చీరాల అవతల మా పేటలో ఒక చేనేత సంఘం ఉండేది. దానికి రెండు గదుల ఆఫీసు, అందులో ఒకే ఒక్క కంప్యూటరు, దాని మీద పూల గుడ్డ కప్పి ఉండేది. ఆ కంప్యూటరుకి గురువు మా కోటిలింగం మాస్టారు. నేను ఆయన దగ్గర కొత్తగా చేరిన శిష్యుణ్ణి. పేరు శేషగిరి. ఇంటిపేరు మునగపాటి. వయసు ఇరవై రెండు, పొగరు నలభై నాలుగు.

నేతపని ఇంట్లో పుట్టాను గానీ మగ్గం తొక్కిన పాపాన పోలేదు. మా నాన్న తొక్కనివ్వలేదు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట చూపించి, "ఆ గుంటలోకి దిగినవాడు పైకి రాడురా" అనేవాడు. నన్ను డిగ్రీ చదివించాడు, ఆ పైన గుంటూరులో ఆర్నెల్లు కంప్యూటరు నేర్పించాడు. ఆ సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి ఇంట్లో దేవుడి పటాల వరసలో తగిలించింది మా అమ్మ. ఇంక నాకు నేల ఎక్కడ కనబడుతుంది చెప్పండి!

మాస్టారి చదువు ఐదో తరగతి. ముప్ఫై ఏళ్లు గుంట మగ్గం మీద నేసి, మోకాళ్లు అరిగి, యాభై అయిదో ఏట కంప్యూటరు నేర్చుకున్నారు. ముక్కుపొడుం డబ్బీ కీబోర్డు పక్కనే ఉండేది. రెండే రెండు వేళ్లతో టైపు కొట్టేవారు. గళ్ల పట్టిక మొదటిసారి చూసినప్పుడు, "ఇందులో మనకి కొత్తేముందిరా? నిలువు పడుగు, అడ్డం పేక" అన్నారట. ఆ మాట నాకెవరో చెబితే నవ్వాను. నేను నవ్విన మాటలన్నీ ఇప్పుడు లెక్కపెట్టుకుంటుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆయన కట్టిన పట్టిక సంగతి చెప్పాలి. పేటలో ఎన్ని మగ్గాలుంటే అన్ని అడ్డ వరుసలు. ప్రతి వరుసలో మగ్గం నంబరు, నేసే మనిషి పేరు, ఆ మగ్గానికి ఎన్ని చిలపలు, అంటే ఎన్ని నూలు చుట్టలు కావాలో ఒక అంకె. ఏ వీధి మగ్గాలు ఆ వీధి కింద. ఒక్కో వీధి గళ్లన్నిటినీ కలిపి ఎంచి దానికొక పేరు పెట్టారు. ఫలానా గడి నుంచి ఫలానా గడి దాకా కూడమని రాయక్కర్లేదు. గంజివీధి అని రాస్తే చాలు, ఆ వీధి చిలపలన్నీ కూడుకుని వస్తాయి. రెండో పేజీలో ఆ పేర్లన్నీ కూడి మొత్తం వస్తుంది, దాని కింద మిగతా లెక్కలన్నీ ఆ మొత్తం మీదే నడుస్తాయి. డిపోకి పంపేది ఆ రెండో పేజీయే.

నాకు నచ్చనిది ఒకటుంది. ప్రతి వీధికీ పైన ఒక వరుసలో వీధి పేరు, కింద ఆఖరి వరుసలో ఉత్త చుక్క పెట్టేవారు. మధ్యలో ఎవరి మగ్గమైనా ఆగిపోతే, పేరూ అంకే చెరిపి వరుసను మాత్రం అట్లాగే ఉంచేవారు. పట్టికంతా పళ్లూడిన నోరులా ఉండేది. గంజి వీధి అయితే మరీ అన్యాయం. పదకొండు వరుసలు, పదకొండూ ఖాళీ. పైన వీధి పేరు, కింద చుక్క, నడుమ గాలి.

నేను అడిగాను కూడా. "ఈ ఖాళీవి ఎందుకు మాస్టారూ?"

"ఉండనీరా. అన్నం అడుగుతున్నాయా?" అన్నారు.

ఇదీ ఒక సమాధానమేనా అనుకున్నాను మనసులో.

ఆ ఆదివారం ఆయన మంగళగిరిలో పెళ్లికని వెళ్లారు. సోమవారం పొద్దున నేను ఆఫీసులో ఒక్కణ్ణే. కోతికి కొబ్బరికాయ దొరికింది. ఖాళీ వరుసలన్నీ ఏరి ఏరి పట్టుకుని మొత్తంగా డిలీట్ కొట్టాను. చుక్కల వరుసలు కొట్టాను. గంజి వీధిని పైనుంచి కిందిదాకా ఒక్క ఊపులో లేపేశాను. నలభై మూడు వరుసలు తగ్గాయి. పట్టిక నున్నగా గుండు చేయించుకున్నట్టు కనబడింది. ఎంత ముచ్చటేసిందో! అదే ఊపులో ఫ్లాపీలో ఉన్న పాత కాపీ మీద కూడా ఈ కొత్తదే ఎక్కించాను, అదీ శుభ్రంగా ఉండాలని. రెండో పేజీ తెరిచి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

గురువారం సుభద్రమ్మ వచ్చింది.

అరవై దాటిన మనిషి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. భర్త గురవయ్య పోయి అయిదేళ్లు. ఆయన పోయినప్పటి నుంచి ఆమె మగ్గం కదల్లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి, "మునగపాటోళ్ల అబ్బాయివి కదూ? నా పేరు రాసుకో నాయనా, ఈసారి నాకూ నూలు కావాలి" అంది.

"మళ్లీ నేస్తారా పెద్దమ్మా?"

"నేస్తాను. నెయ్యకపోతే గుంట పూడ్చేస్తారు. మా మరిది కొడుకు ఆ గదిలో గచ్చు చేయిస్తానంటున్నాడు. సిమెంటు మూట కూడా తెచ్చి మగ్గానికి ఆనించాడు. నేనన్నాను, ఈ విడత నూలొస్తే నేస్తానురా, రాకపోతే నీ ఇష్టం వచ్చినట్టు పూడ్చుకో అని." ఇదంతా చెప్పి చెంగుతో మొహం తుడుచుకుంది.

విడత అంటే మూణ్ణెల్లకొకసారి. ఈ శనివారం తప్పితే మళ్లీ మూణ్ణెల్ల దాకా డిపో వాళ్లు ముఖం చూడరు.

"ఏ వీధి మీది?"

"గంజి వీధి."

నాకు నవ్వొచ్చింది. "గంజి వీధి లేదు పెద్దమ్మా. మొన్ననే తీసేశాను."

ఆమె నన్ను కాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, నిజంగానే అర్థం కాలేదు పాపం. "వీధి తీసేశావా? మరి నేనిప్పుడు ఏ వీధిలోంచి నడిచొచ్చాను అబ్బాయ్?"

"కంప్యూటర్లో పెద్దమ్మా, కంప్యూటర్లో. ఉండండి, మళ్లీ రాసేస్తాను, రెండు నిమిషాల పని." అంటూ చివరి వీధి కింద ఆమె పేరు కొట్టాను, పక్కన చిలపల అంకె వేశాను, ఠీవిగా రెండో పేజీ తెరిచాను. అప్పుడు కనబడ్డాయి రెఫ్‌లు.

గంజి వీధి ఒక్కటే పాడైతే ఏదో ఒకటి అనుకోవచ్చు. అన్ని వీధులూ కూడితే వచ్చే మొత్తం కదా? ఒక్క వీధి తెగేసరికి పేట మొత్తం తెగింది. నూట నలభై మగ్గాల నూలు లెక్క రెఫ్ అయి కూర్చుంది. మిగతా వీధుల్లో నేను కొన్ని వరుసలే తీశాను, అవి దగ్గరకి జరిగి సర్దుకున్నాయి. గంజి వీధిలో సర్దుకోడానికి ఒక్క వరుసైనా మిగల్చలేదు నేను. పేరు ఉంది. ఆ పేరు చూపించే చోటు లేదు. రెఫ్ అంటే అదే, నువ్వు చూపిస్తున్న చోటు ఇప్పుడు లేదు నాయనా అని.

ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నాకేం తెలుసు, నా మొహం! గుంటూరు చదువంతా బయటికి తీశాను. మూసి తెరిచాను. ఆపి పెట్టాను. ఫ్లాపీ పెడితే అందులోనూ రెఫ్‌లే. సుభద్రమ్మ మధ్యాహ్నం దాకా కూర్చుని, "పర్లేదులే నాయనా, రేపొస్తాను" అని లేచింది. ఆవిడ నన్ను ఊరడించి వెళ్లింది చూశారా, అది చచ్చేంత అవమానంగా అనిపించింది.

నాలుగింటికి మాస్టారు బస్సు దిగి తిన్నగా ఆఫీసుకే వచ్చారు. చేతిలో పెళ్లివారిచ్చిన పసుపు సంచీ ఉంది. తెర చూశారు.

"ఏం చేశావురా?"

"శుభ్రం చేశాను మాస్టారూ. మీ ఫైలు పాతదైపోయి..." అని ఏదో అనబోయాను.

"ఏం తీశావు?"

"ఖాళీ వరుసలు. అవి ఎందుకూ పనికిరానివే కదా మాస్టారూ."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన డబ్బీ తీసి చిటికెడు పొడుం పీల్చి, రెండుసార్లు తుమ్మి, సంచీ చంకకి తగిలించుకున్నారు. సుభద్రమ్మ వచ్చిందని, గుంట పూడ్చేస్తారట అని చెప్పాను. విన్నారు.

"రేపు పొద్దున్నే సుభద్రక్క ఇంటికి రా. కత్తెర తెచ్చుకో."

"మాస్టారూ, శనివారం మధ్యాహ్నానికల్లా పట్టిక..."

"పదునుది తెచ్చుకో" అని వెళ్లిపోయారు.

శుక్రవారం పొద్దున మా అమ్మ కుట్టుమిషను కత్తెర పట్టుకుని గంజి వీధికి వెళ్లాను. దగ్గర దగ్గర నాలుగేళ్లయింది నేను ఆ వీధి మొహం చూసి. బారుగా, తిన్నగా, బండి పోయేంత వెడల్పుంటుంది. నా చిన్నప్పుడు తెల్లవారేసరికి ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రల మీద పడుగులు బార్చి, ఇద్దరిద్దరు చెరోపక్క నడుస్తూ కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. అందుకే ఆ పేరు. బడికి పోయేవాళ్లం పడుగుల కింద నుంచి వంగి దూరేవాళ్లం. "ఒరే, పోగు తెగిందంటే మీ వీపు విమానం మోతే" అని కేకలేసేవాళ్లు. పులిసిన గంజి వాసన బళ్లో మా చొక్కాలకి కూడా ఉండేది. ఆ రోజు ఆ వీధిలో ఒక మేక తప్ప ఎవరూ లేరు.

సుభద్రమ్మ ఇంట్లో మాస్టారు అప్పటికే పీట మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. గదిలో మగ్గం ఉంది. గుంటలో చీకటి. పక్కన గోడకి సిమెంటు మూట ఆనించి ఉంది, ఆమె చెప్పినట్టే.

మగ్గం మీద అయిదేళ్ల నాటి నేత మిగిలి ఉంది. ముందువైపు జానెడు బట్ట, దాని వెనక అచ్చు. అచ్చంటే దువ్వెన పళ్లలాంటి సన్నటి పళ్లుండే చట్రం. ఒక్కో సందులోంచి పోగులు దూరి వెనక్కి వచ్చి, ఓ మూరెడు పొడుగున కుచ్చులు కుచ్చులుగా ముడివేసి వేలాడుతున్నాయి. అంతా దుమ్ము. రంగేదో కూడా తెలియడం లేదు.

మాస్టారు గ్లాసు కింద పెట్టి, "శేషూ, ఇవాళో రేపో అక్కకి కొత్త పడుగు వస్తే ఎక్కించాలి. ఆ పాత ముక్క చూడు, ఎంత దుమ్ముగా ఉందో. కోసి లాగేసి శుభ్రం చెయ్యి" అన్నారు.

శుభ్రం అన్న మాట దగ్గర కొంచెం ఆగారు. నేను పట్టించుకోలేదు. ఎట్లాగూ పనికిరాని ముక్క. ఒక వైపు బట్ట అంచు పట్టుకుని, అచ్చుకి ఆనించి కత్తెర తెరిచాను.

"అయ్యయ్యో! ఆగరా!"

సుభద్రమ్మ వంటింట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత పట్టు ఉంటుందని నేననుకోలేదు. కత్తెర కింద పడింది.

"ఇది తీసేస్తే ఇంకేం మిగిలిందిరా నాకు?" అంది. "రెండు వేల నాలుగొందల పోగులు. ఒక్కొక్కటీ అచ్చు సందులో దూర్చి పెట్టింది మీ పెదనాన్న. ఈ ముక్క ఉంటేనే అవి నిలబడి ఉంటాయి. కోశావంటే జారిపోతాయి. మళ్లీ ఒక్కొక్కటీ దూర్చాలంటే నాకు కళ్లేవి?"

"మరి కొత్త పడుగు..."

"పాత కొసకి కొత్త కొస అతుకుతాం. దానికి కళ్లక్కర్లేదు, వేళ్లు చాలు. అతికి లాగితే పాతది వెళ్తూ వెళ్తూ కొత్తదాన్ని సందులోంచి తీసుకొస్తుంది. అయిదేళ్ల నుంచి చీపురు కూడా తగలనివ్వలేదు నేను దాన్ని."

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. పైకప్పులో పిచ్చుక గూడు వంక చూస్తూ, "అక్కా, ఇంకాస్త కాఫీ ఉందా?" అన్నారు.

"నీకు బుద్ధి ఉందా కోటిలింగం? తెలియని పిల్లాడికి కత్తెరిస్తావా?" అని ఆమె ఆయన మీద ఎగిరింది. "నేను రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే?"

"నువ్వు రాకుండా ఉంటావా అక్కా?" అన్నారాయన.

నేను కత్తెర అక్కడే వదిలేసి బయటికొచ్చాను. వీధి మొదటి నుంచి చివరి దాకా నడిచాను. తలుపులు లెక్కపెట్టాను. మధ్యలో ఒక అరుగు మీద కూర్చుని, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడ్చాను. తర్వాత పరుగులాంటి నడకతో ఆఫీసుకి వెళ్లాను.

మాస్టారు వచ్చేసరికి నేను పట్టిక ముందు ఉన్నాను. ఆయన సాయం చేస్తారని చూశాను. పేపరు విప్పి ఎదురుగా కూర్చున్నారు, అంతే. నేనే వెతుక్కున్నాను. పేర్లన్నీ ఉండే చోటు తెరిస్తే, అందులో గంజివీధి పేరు ఉంది, దాని ఎదురుగా రెఫ్ ఉంది. పేరు పోలేదని చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పట్టికలో మూడు వరుసలు కొత్తగా చొప్పించాను. పైన వీధి పేరు, నడుమ సుభద్రమ్మ, కింద చుక్క. చివరి వీధి కింద ఇరికించిన ఆమె పేరు అక్కణ్ణుంచి తీసేశాను. వీధి పేరు నుంచి చుక్క దాకా చూపించి, ఆ పాత పేరుకి మళ్లీ చోటు ఇచ్చాను. రెండో పేజీలో రెఫ్‌లన్నీ ఒక్కసారి పోయి అంకెలు వచ్చాయి.

"వచ్చింది మాస్టారూ!" అని అరిచాను.

పేపరు పక్కన పెట్టి వచ్చి చూశారు. "గంజి వీధిలో ఎన్ని మగ్గాలురా?"

"ఒకటి మాస్టారూ."

"ఎన్ని?"

పొద్దున తలుపులు లెక్కపెట్టాను కదా. "పదకొండు" అన్నాను.

"మరి చుక్క పైన ఇంకో పది పెట్టు."

పెట్టాను. చుక్క వరుస దానంతటది కిందికి జరిగింది. పేరు కూడా దానితో పాటు సాగింది. అప్పటికి గానీ ఆ చుక్క ఎందుకో నాకు తలకెక్కలేదు.

"పేర్లు రాయి" అన్నారు మాస్టారు. కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయారు. "రెండో నంబరు గోలి పెద వీరాస్వామి. మూడు, చిన వీరాస్వామి. నాలుగు, ఆదిలక్ష్మి, మొగుడు కాదు, నేసేది ఆవిడే. అయిదు, సజ్జా రామలింగం. వాడు పడుగులోంచి నాడె విసిరితే ఆ చప్పుడు ఈ ఆఫీసు దాకా వినబడేది. ఆరు..." ఒక్కో పేరు దగ్గరా ఆగేవారు. ఒకరు సూరత్ మిల్లుకి పోయారు. ఒకరు హైదరాబాదులో వాచ్‌మన్. ఇద్దరు పోయారు, అంటే నిజంగానే పోయారు. తొమ్మిదో నంబరుకి తన పేరే చెప్పారు. ఆ మగ్గం ఆయనదే. ఆయనది గంజి వీధని నాకు అప్పటిదాకా తెలియదు.

పది పేర్లూ కొట్టాను. పక్కన చిలపల అంకెలు కూడా వేయించారు.

"ఇప్పుడు తీసెయ్."

నా చెయ్యి అలవాటుగా ఎడమ అంచున వరుస నంబరు మీదికి పోయింది. అక్కడే ఆపుకున్నాను. వెనక్కి వచ్చి, గడిలోకి వెళ్లి, పేరు మాత్రం చెరిపాను. పక్క గడిలో అంకె చెరిపాను. అట్లా ఒక్కొక్క వరుసే చెరుపుతూ వచ్చాను. మాస్టారు నా వెనక నిలబడి చూస్తున్నారు. రెండో పేజీలో మొత్తం తగ్గుతూ వచ్చింది. ఎక్కడా రెఫ్ రాలేదు.

తొమ్మిదో నంబరు చెరపడానికి మనసొప్పలేదు. "మీది ఉండనివ్వనా మాస్టారూ?" అన్నాను.

"మోకాళ్లు నువ్విస్తావా? చెరుపు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో మాత్రం చాలాసేపు తుడుచుకున్నారు. మిగతా వీధుల చుక్కలు కూడా ఆ సాయంత్రమే తిరిగి పెట్టాను.

శనివారం పదిన్నరకి పట్టిక డిపోకి వెళ్లింది. నేనే సైకిలు మీద బస్టాండుకి, అక్కణ్ణుంచి బస్సులో, ఒళ్లో కవరు పెట్టుకుని వెళ్లి ఇచ్చొచ్చాను. పన్నెండు రోజులకి నూలు వచ్చింది. ఇంకో వారానికి సుభద్రమ్మ పడుగు తయారయింది.

అతకడానికి నేనూ వెళ్లాను. ఆమె నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్లకి బూడిద అద్ది, పాత పోగు కొసా కొత్త పోగు కొసా కలిపి ఎట్లా మెలిపెట్టాలో చూపించింది. ఆమె వంద అతికేసరికి నేను ఆరు అతికాను. అందులో నాలుగు ఊడాయి. "ఏం పర్లేదు, గుంటూరులో ఇది చెప్పి ఉండరులే" అంది. ఆ దెప్పు కూడా తియ్యగానే ఉంది. ఒకటిన్నర రోజు పట్టింది. ఆమె కళ్లు మూసుకునే అతికింది, చాలా వరకు.

తర్వాత ఆమె గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, ఆ పాత జానెడు ముక్కని మెల్లగా తన వైపు చుట్టడం మొదలుపెట్టింది. మాసిన పోగులు అచ్చు సందుల్లోంచి ముందుకు వచ్చాయి. వాటి కొసలు పట్టుకుని తెల్లటి కొత్త పోగులు వచ్చాయి. ఒక్కటీ తెగలేదు. ఆమె నాడె విసిరింది. ఆ చప్పుడుకి పక్కింటి ముసలాయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మరిది కొడుకు సిమెంటు మూట భుజానికెత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లాడు.

మాస్టారూ నేనూ ఆఫీసుకి తిరిగి నడుస్తున్నాం. గంజి వీధి దాటుతుంటే నా మనసులో ఉన్నది అడిగేశాను.

"ఒక్కావిడ వచ్చింది, సంతోషమే. మిగతా పది వరుసలూ ఎవరి కోసం మాస్టారూ? పోయినవాళ్లు రారు. సూరత్ వెళ్లినవాళ్లు వస్తారని నమ్మకం లేదు. ఎన్నాళ్లని ఉంచుతాం? ఎవరూ రాకపోతే?"

ఆయన మోకాలు పట్టుకుని ఒక అరుగు దగ్గర ఆగారు. డబ్బీ తీశారు గానీ తెరవలేదు.

"రాకపోతే వాళ్లిష్టంరా. వద్దామనుకున్నప్పుడు చోటు లేకపోతే మన తప్పు."